అట్ట కింద కాగితం

"కూర్చో," అంది బైండరమ్మ. "నిలబడి అబద్ధమాడితే కాళ్ళు పీకుతాయి."

గువ్వ కూర్చోలేదు. ఎనిమిది నెలల బిడ్డని భుజాన వేసుకుని, ఒక చెయ్యి బిడ్డ మెడ వెనక ఆనించి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె చూపు తల్లి మొహం మీద లేదు. పనిబల్ల మీద ఉంది.

బల్ల మీద బిడ్డ పుస్తకం వెనక అట్ట తెరిచి ఉంది. అట్ట లోపలివైపు అతికించిన కాగితం సగం దాకా ఊడి వేలాడుతోంది. దాని వెనక నుంచి బయటపడిన ఇంకో కాగితాన్ని బైండరమ్మ తడిగుడ్డతో మెల్లగా విడదీసి, నాలుగు మూలలా ఇనప దిమ్మలు పెట్టి ఆరబెట్టింది. దాని నెత్తిన ఆసుపత్రి ముద్ర. ముద్ర కింద బైండరమ్మ పేరూ వయసూ. పక్కన తేదీ. నాలుగు నెలల కిందటిది.

"నీ పనేనా ఇది?"

"పాపని పడుకోబెట్టి వస్తానమ్మా."

"ఇక్కడే పడుకోబెట్టు, నా కళ్ళ ముందు. లోపలికి వెళ్ళి మీ నాన్నకి ఫోను చేద్దామనుకుంటున్నావేమో. నేను చేశాను. వస్తున్నాడు."

గువ్వ గోడవారన పరిచిన గట్టి పరుపు మీద బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టింది. మెడ వెనక మూడు వారాల కిందటి కుట్ల గీత ఇంకా లేతగులాబి రంగులోనే ఉంది. బిడ్డ ఒకసారి మూలిగి నిద్రలోకి జారింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి ఆ చిన్న ఛాతీ వైపు చూశారు. పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. అప్పుడు మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నారు.

ఊపిరి లెక్కపెట్టడంలో మాత్రం వాళ్ళిద్దరికీ ఎప్పుడూ తగువు రాలేదు.

ఆ ఇంట్లో ముగ్గురి ఎముకలూ పొడవు సాగనివే. బైండరమ్మవి, ఆమె కూతురివి, ఇప్పుడీ బిడ్డవి. డాక్టర్లు దానికి అకాండ్రోప్లేసియా అని నోరు తిరగని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో దాన్ని 'మన ఒళ్ళు' అంటారు. మన ఒంటికి ఇది పడదు, మన ఒంటికి అది కావాలి, అంతే.

ఆ ఒళ్ళు అప్పజెప్పిన సంగతులు రాసుకోవడానికి మూడు పుస్తకాలు ఉన్నాయి, తలా ఒకటి. ఆ అలవాటు బైండరమ్మ పెట్టిందే. ఎందుకు పెట్టిందో కూడా గువ్వకి వెయ్యిసార్లు చెప్పింది. తన తల్లి తనని నాలుగో నెలలోనే చుట్టూ దిండ్లు పేర్చి కూర్చోబెట్టింది, అందరి పిల్లల్లాంటిదేనని చుట్టుపక్కలవాళ్ళకి చూపించుకోవడానికి. మెత్తటి వెన్ను వంగింది, వంగి అలాగే నిలిచిపోయింది. చెవిలో చీము కారితే దూది పెట్టి ఊరుకుంది. ఎడమ చెవి పోయింది. డాక్టరు చెప్పినవన్నీ విని కూడా, పిల్లకి పదహారేళ్ళు వచ్చేదాకా ఒక్క ముక్క చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ భయం.

అందుకే గువ్వ పుట్టిన వారానికి బైండరమ్మ నూరు పేజీలు కుట్టి, ఎర్ర గుడ్డ అట్ట వేసి, ఒక నియమం పెట్టింది. ఒంట్లో ఏది జరిగినా ఆ రోజే రాయాలి. రాసింది పైకి చదవాలి. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరు దాచకూడదు.

గువ్వ పుస్తకంలో అన్నీ ఉన్నాయి. తనంతట తను కూర్చునేదాకా ఎవరూ కూర్చోబెట్టకపోవడం. చెవుల్లో గొట్టాలు. ఐదో ఏట గొంతులో కాయలు తీయిస్తే గురక తగ్గడం. పదకొండో ఏట దొడ్డికాళ్ళు సరిచేయించడం. ఆఖరికి కాన్పు, కడుపు కోసి బిడ్డని తీసిన రోజు.

బిడ్డ పుస్తకం గువ్వ తన చేతులతో తనే కట్టింది. మొదటి సొంత పని. ఆ రోజు బైండరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క, "దారం కాస్త బిగువుగా లాగావు," అని ఊరుకుంది.

ఈ ఉదయం, కుట్లు ఆరాయని రాద్దామని ఆ పుస్తకం తీస్తే వెనక అట్ట ఎండిన ఆకులా వంగి ఉంది.

"కాగితానికీ నార నడిచే వాటం ఒకటి ఉంటుందని నీకు ఎన్నో ఏట చెప్పాను?" అని అడిగింది బైండరమ్మ.

గువ్వ బిడ్డ కాళ్ళ మీద గుడ్డ సర్దింది.

"ఎనిమిదో ఏట. అట్ట వాటం నిలువైతే కాగితం వాటం కూడా నిలువుగానే అతకాలి, లేకపోతే ఆరేటప్పుడు లాగి అట్టని వంచుతుందని చెప్పాను. నా కూతురు అంత తప్పు పని చెయ్యదే అనుకున్నాను. వేలు పెట్టి రాస్తే లోపల ఒక కాగితం మందం ఎక్కువ తగిలింది. అడ్డ వాటం కాగితం. బజారు కాగితం. మన కొట్లోది కాదు."

"పారెయ్యలేకపోయాను," అంది గువ్వ, నేల వైపు చూస్తూ.

"ఏమన్నావు?"

"నాన్న చింపెయ్యమన్నాడు. నావల్ల కాలేదు. ఇన్నాళ్ళూ చీరల కింద దాచి, మొన్న ఇందులో అతికించాను. మన ఒంటి కాగితం పుస్తకంలోనే ఉండాలి కదా."

బైండరమ్మకి నవ్వు వచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వు వస్తే అది గొంతులో ఎక్కడో గీసుకుపోతుంది. "భేష్. నియమం తప్పకుండా మోసం చేశావు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి బైండింగు రాదు, పాపం."

ఇనప దిమ్మ ఒకటి జరిపి, కాగితాన్ని ముందుకు లాక్కుంది. వైద్య కళాశాల పిల్లల పుస్తకాలు ముప్ఫై ఏళ్ళుగా కట్టిన మనిషి. కట్టినవన్నీ చదివింది కూడా. బడి మొహం సరిగ్గా చూడకపోయినా, డాక్టరు రాత ఆమెకి అడ్డం కాదు.

"విను. మనది రాసింది పైకి చదివే ఇల్లు కదా. 'నడుము దగ్గర వెన్నుకాలువ బాగా ఇరుకైంది. నరాలు నలుగుతున్నాయి. మూడు నెలలలోపు ఆపరేషను చేయాలి. ఈలోగా మూత్రం తెలియకుండా పోవడం కనిపిస్తే అదే రోజు తీసుకురావాలి. ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.'" ఆమె తలెత్తింది. "నన్ను ఇంట్లో ఉంచి, మీరే వెళ్ళి తెచ్చి, ఇది చదివే నాకు నొప్పి బిళ్ళలు ఇచ్చారా మీరు? నడుం కాస్త అరిగిందట, ఈ వయసుకి మామూలేనట. ఆ మాట అన్నది నువ్వా, మీ నాన్నా? నాకు గుర్తుండదనుకోకు. నువ్వే. నీళ్ళ గ్లాసు కూడా నువ్వే అందించావు."

వీధిలో సైకిలు ఆగిన చప్పుడైంది. వడ్రంగి లోపలికి వచ్చాడు. ఆయన మామూలు మనుషుల ఎత్తే. ఆ గుమ్మం మాత్రం ఎప్పుడూ తల వంచే దాటుతాడు. చేతుల మీద ఇంకా రంపం పొట్టు ఉంది. భార్యనీ, కూతురినీ, బల్లనీ ఒక్కసారి చూశాడు. అర్థమైపోయింది.

"చింపెయ్యమన్నాను," అన్నాడు కూతురితో.

"మొదటి మాట అదా?" అంది బైండరమ్మ. "ఇంకో మాట దొరకలేదా నీకు?"

"అది కాదే. ముందు నా మాట విను."

"వింటాను. ఇటు వచ్చి కుడిపక్కన కూర్చుని చెప్పు."

వడ్రంగి ఆగిపోయాడు. ఆ మాటలో ఏముందో గువ్వకి కూడా తెలిసింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"నాలుగు నెలలయింది," అంది బైండరమ్మ. "అన్నం దగ్గర నువ్వు నా ఎడమపక్కకి మారావు. గువ్వ తలుపు దగ్గర కూర్చునేది, అదీ ఎడమపక్కకి వచ్చింది. వాకిట్లోంచి గాలి అటు బాగా వస్తోందన్నారు. నిజమే కాబోలనుకున్నాను. నా చెవిటి పక్కన కూర్చుని, నా కాళ్ళ గురించి, నా పక్కనే మాట్లాడుకున్నారు. పోయిన చెవిని కూడా వాడుకున్నారు కదయ్యా."

వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ వెళ్ళారు. బిడ్డ ఊపిరి లేచింది. దిగింది.

మనుషులు దూరమైతే విడిపోయారంటాం, పోతే విడిపోయారంటాం. ఆ రెండింటికీ ఓదార్పు చెప్పేవాళ్ళు వస్తారు. ఒకే కంచాల వరసలో కూర్చుని, ఒకే కుండ నీళ్ళు తాగుతూ విడిపోయినవాళ్ళని ఎవరు వచ్చి పలకరిస్తారు? బైండరమ్మకి ఆ గదిలో తను ఒక్కతే ఉన్నట్టనిపించింది.

"నేను చెబుదామనే అన్నాను," అన్నాడు వడ్రంగి. "గువ్వ ఏడ్చింది."

"అది ఏడిస్తే కరిగావు. నేను ఏడవననేగా నీ ధీమా."

"ఆ రోజుల్లో పాప ఎలా ఉందో నీకు తెలియదా? నిద్రలో ఊపిరి ఆగిపోయేది. పెదాలు నీలంగా..."

"నాకు తెలియదా? లెక్కపెట్టింది ఎవరు?"

"అదే చెబుతున్నా. మెడ ఆపరేషనుకి బిడ్డ కాస్త బరువు పెరగాలన్నారు. అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండాలన్నారు. నువ్వు ఆసుపత్రి మంచం ఎక్కితే..."

"బాత్రూములో ఆ కర్ర ఎందుకు బిగించావు?"

వడ్రంగి బాత్రూము వైపు చూశాడు.

"గోడకి, తొట్టి పక్కన. నున్నగా చిత్రికపట్టి మరీ బిగించావు. ఎందుకని అడిగితే పాప నడక నేర్చుకోవడానికన్నావు. మన ఒళ్ళున్న పిల్ల నడవడానికి ఇంకా ఏడాది పడుతుంది. పాప నిలబడ్డా నెత్తి ఆ కర్రకి అందదు. పొద్దున ఈ కాగితం చదివాక వెళ్ళి నిలబడి చూశాను. సరిగ్గా నా అరచేతి కిందకి వచ్చింది." ఆమె అరచెయ్యి చాచి చూపించింది. "నీ చేతికి కొలత తప్పదయ్యా. పెళ్ళయిన కొత్తలో నా కోసం ఈ బల్ల చేశావు, ఈ పీట చేశావు, ఒక్కదానికీ నన్ను నిలబెట్టి కొలవలేదు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను, మా ఆయన కంటితోనే కొలుస్తాడని. ఇప్పుడూ అలాగే కొలిచావు. నా కాళ్ళు ఎప్పుడు పోతాయో కొలిచి, కర్ర బిగించావు."

వడ్రంగి మెల్లగా గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నేల మీద కూర్చుంటే ఆయన మొహం బైండరమ్మ మొహానికి సమానంగా వస్తుంది. పాతికేళ్ళుగా వాళ్ళు మాట్లాడుకునే ఎత్తు అది. ఇవాళ ఆమె ఆ ఎత్తుకి చూపు తిప్పలేదు.

"నాన్నని అనకు," అంది గువ్వ. "నేనే వద్దన్నాను."

"తెలుసు."

"నీకు తెలియదు. నాకు పొట్ట కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి అప్పుడు. మా ఆయన లారీ మీద వెళితే ఇరవై రోజులకి గానీ ఇంటికి రాడు. రాత్రంతా నేను, పగలంతా నువ్వు. నువ్వు తప్ప ఇంకెవరి చేతికి ఇచ్చినా పాప మెడ వేలాడేసేవాళ్ళు. ముద్దొస్తోందని కూర్చోబెట్టేసేవాళ్ళు. నువ్వు రెండు నెలలు మంచం మీద ఉంటే నా బిడ్డని ఎవరు పట్టుకుంటారమ్మా? నేను ఎవర్ని నమ్మను?"

"నన్ను నమ్మావన్నమాట."

"నిన్నే నమ్మాను."

"నా చేతుల్ని నమ్మావు. నన్ను కాదు." బైండరమ్మ ముందుకి వంగి మోచేతులు బల్ల మీద ఆనించింది. అలా వంగితే నడుములో పోటు కాస్త సర్దుకుంటుంది. ఈ మధ్య పదడుగులు నడిస్తే కాళ్ళు బరువెక్కి మొద్దుబారుతున్నాయి. అక్కడే గొంతుక్కూర్చుంటే తప్ప పదకొండో అడుగు పడదు. దాన్ని వయసనుకుంది. వీళ్ళు అనుకోనిచ్చారు. "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడగనే లేదు గువ్వా. అడగకుండా తీసుకున్నావు. అమ్మా, నీకు ఇలా రాశారు, కానీ నా బిడ్డకి నువ్వు కావాలి, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అని ఒక్క మాట అంటే, ఏమనేదాన్ని?"

గువ్వ ఏడుస్తోంది.

"ఏమనేదాన్నో నీకు తెలుసు. ఓర్చుకునేదాన్ని. నా అంతట నేను ఇచ్చేదాన్ని. ఇచ్చానన్న తృప్తి అయినా మిగిలేది. అది కూడా నాకు ఉంచలేదు మీరు."

వడ్రంగి అరచేతిలోని పొట్టుని గోటితో గీకుతున్నాడు.

"ఒకటి అడుగుతాను," అంది బైండరమ్మ. "బిడ్డకి ఆపరేషనయి మూడు వారాలయింది. గండం గడిచింది. రంగు తిరిగింది, హాయిగా నిద్రపోతోంది. అప్పుడెందుకు చెప్పలేదు?"

గువ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నచోటే మళ్ళీ తడిసింది. "అప్పటికే మూడు నెలలు దాటిపోయాయి."

"దాటితే?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? రోజూ అనుకునేదాన్ని, రేపు చెబుదామని. రోజు గడిచిన కొద్దీ ఇంకా భయమేసేది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. బైండరమ్మకి ఆ సామెత నోటిదాకా వచ్చి ఆగింది. ఎదురుగా ఉన్నది తను కడుపు కోయించుకుని కన్న పిల్ల. పొట్టిగా, లావుగా, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడ్డ పిల్ల. ఆ వయసులో తను అచ్చం ఇలాగే ఉండేది. తన తల్లి కూడా ఒకప్పుడు ఇదే జవాబు చెప్పింది. రోజూ చెబుదామనే అనుకున్నానే, అని.

"నా పుస్తకం తీస్తాను," అంది. "ఇందులో అతికించింది చాలు. దీని చోటు అక్కడ."

బల్ల అంచు పట్టుకుని లేచింది. పుస్తకాల అర పీట వెనకే ఉంది, రెండడుగుల దూరంలో. పుస్తకం తీసి ఇటు తిరిగేసరికి గువ్వ ఏడుపు ఆగిపోయి ఉంది. వడ్రంగి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఆమె కూర్చున్న పీటనే చూస్తున్నారు.

పీట చెక్క నల్లగా తడిసి ఉంది. అంచు నుంచి నేల మీదకి చుక్కలు పడుతున్నాయి.

"నీళ్ళ గిన్నె ఒలికినట్టుంది," అంది బైండరమ్మ. "గుడ్డ ఇలా ఇవ్వు, కాగితాలు తడుస్తాయి."

ఎవరూ గుడ్డ ఇవ్వలేదు.

ఆమె గిన్నె వైపు చూసింది. బల్ల మీద, ఆ చివర, తను పొద్దున నింపినట్టే అంచుదాకా నిండుగా ఉంది. అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి చీర తడిమి చూసుకుంది. వేళ్ళకి తడి తెలిసింది. ఒంటికి తెలియలేదు.

"బండి పిలుస్తాను," అని వడ్రంగి వీధిలోకి పరుగెత్తాడు. ఆ గుమ్మానికి తల కొట్టుకోవడం అదే మొదటిసారి.

బైండరమ్మ మనసు ఎక్కడికో వెనక్కి పోయింది. ఈ మధ్య ఒక ఉదయం లేచేసరికి పక్కబట్ట లేదు. గువ్వ అప్పటికే దాన్ని ఉతికి దండెం మీద వేసేసింది. పాప తడిపిందమ్మా, నీ పక్కన పడుకోబెట్టాను కదా, అంది. ఆ తర్వాత ఇంకోసారి కూడా పాప తడిపింది.

"గువ్వా, ఇది మొదటిసారేనా?"

గువ్వ తడిసిన పీట మీంచి చూపు తిప్పుకుంది.

బైండరమ్మ తన పుస్తకం తెరిచి, రాసిన ఆఖరి పేజీ పక్కన ఖాళీ పేజీ చదును చేసి, పెన్ను కూతురి వైపు జరిపింది.

"రాయి. 'తెలియకుండా మూత్రం పోయింది.' తేదీ వెయ్యి. ఇవాళ్టిది కాదు. మొదటిసారి ఏ రోజో, ఆ తేదీ వెయ్యి."

"అమ్మా, ముందు ఆసుపత్రికి..."

"బండి వచ్చేదాకా టైముంది. రాయి. మత్తు ఇచ్చి పడుకోబెట్టాక నాకేం చేశారో, ఏం మిగిలిందో, కళ్ళు తెరిచాక మీరు చెబితేనే నాకు తెలుస్తుంది. మీరు చెప్పేదే నాకు నిజం. ఒక్క నిజమైనా నీ చేత్తో రాయగా చూసి వెళ్ళనీ."

గువ్వ పెన్ను తీసుకుంది. ముందు వాక్యం రాసింది. తర్వాత పెన్ను ఆగింది. ఎడమచేతి బొటనవేలు కణుపుల మీద మెల్లగా వెనక్కి నడిచింది. అప్పుడు తేదీ వేసింది.

బైండరమ్మ తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడంలో ఆరితేరిన మనిషి. ఆమె కూడా లెక్కపెట్టింది.

పన్నెండు రోజులు.

వీధిలో బండి ఆగింది. వడ్రంగి తలుపు తీసి పట్టుకుని, రెండో చెయ్యి భార్య వైపు చాపాడు. గువ్వ నిద్రపోతున్న బిడ్డని భుజానికెత్తుకుని తల్లి ఎడమపక్కకి వచ్చింది, అంతలో గుర్తొచ్చి కుడిపక్కకి మారి, తనూ చెయ్యి చాపింది.

పనిబల్ల దగ్గర్నుంచి బండికి పదిహేను అడుగులు. ఆమె కాళ్ళు మోసేది పది.

బైండరమ్మ తన పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది. ఆ రెండు చేతుల్నీ చూసింది. ఏ చెయ్యీ పట్టుకోకుండా మొదటి అడుగు వేసింది.